మగ్గం గుంటలో పాట

ఒట్టు. తూర్పుకు తిరిగి, చెప్పులు విడిచి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకొని చెప్తున్నాను, ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు ఇక్కడే నవ్వుతారు. మా బాయిలో మొసలి గుడ్లు పెట్టిందనీ, నకిరేకల్ అంగట్లో ఒక ఎద్దు నన్ను పేరు పెట్టి పిలిచిందనీ నేను చెప్పిన సంగతులు వాళ్లింకా మరిచిపోలేదు. అవి వేరు. వాటికి నేను ఒట్టు పెట్టలేదు. పైగా మా మతంలో ఒట్టు పెట్టుకోవడమే తప్పు. తప్పని తెలిసీ పెడుతున్నానంటే, నమ్మండి మరి.

నిజాం జమానాలో, నాకు పందొమ్మిదేండ్లప్పుడు, నల్లగొండ జిల్లాలో నేను ప్రచారకుడిగా తిరిగాను. పెళ్లికాని పిల్లగాండ్లు రెండేండ్లు ఇల్లు విడిచి, ఊరూరా బోధ చెయ్యాలని మా మిషన్ పెట్టిన కట్టడి. ఒంటరిగా పంపరు. అరకకు ఎడ్లను కట్టినట్టు ఇద్దరిని జత కడతారు. ఇక ఆ రెండేండ్లూ ఒకరిని విడిచి ఒకరు ఉండడానికి లేదు. ఒకడు చెంబు పట్టుకొని చెలకలోకి పోతే రెండోవాడు గట్టు మీద ఆకాశం చూస్తూ నిలబడాలి. తెల్ల అంగీ, తెల్ల ధోవతి, చంకలో పుస్తకం, భుజాన బొమ్మల చుట్ట. గుడ్డ మీద అచ్చువేసిన రంగుబొమ్మల చుట్ట అది. ఏదైనా గోడకు తగిలించి, ఒక్కొక్క బొమ్మా తిప్పుతూ కథ చెప్పేవాళ్లం. ఇంకో కట్టడి కూడా ఉండేది. అడుగుపెట్టిన ఊళ్లో ఒక పాట పాడి, కనీసం ఒక్క మనిషితోనైనా మాట్లాడనిదే ఊరు దాటకూడదు.

వినడానికి చిన్న పనే. కానీ తెల్లబట్టలవాళ్లు కనబడగానే సగం ఊళ్లలో టీకాలు పొడిచేవాళ్లు వచ్చారని తల్లులు పిల్లల్ని ధాన్యం గరిసెల్లో దాచేవాళ్లు. మిగతా సగం ఊళ్లలో గోధుమరంగు సీసాలో మందు ఏదీ అని చెయ్యి చాపేవాళ్లు. దేవుడి మాట అడిగినవాళ్లు తక్కువ. ఎక్కడ పెడితే అక్కడ తినడం, ఎవరి పంచన జాగా దొరికితే అక్కడ పడుకోవడం. కాలికి ముల్లు దిగితే జతగాడే తియ్యాలి.

నా జతగాడు నాకంటే ఏడాది పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయనతో నాకొచ్చిన చిక్కు ఒక్కటే, అబద్ధం ఆడడు. చిన్న అబద్ధం కూడా. ఒకచోట ఒక ముసలమ్మ జాలిపడి జొన్నగటక పెట్టి, "ఎట్లున్నది బిడ్డా?" అని అడిగితే, "పులిసింది అవ్వా" అన్నాడు. రెండో ముద్ద ఇద్దరికీ దక్కలేదు. నేను బొమ్మల చుట్ట తిప్పుతూ, పరలోకం గోడలు గోలకొండ కోటకు ఏడింతల ఎత్తు అని ఊపు మీద చెప్తుంటే, అందరి ముందూ మెల్లగా, "అంత ఎత్తని రాసి లేదు, తమ్మీ" అనేవాడు. జనం నవ్వేవాళ్లు. చిత్రమేమిటంటే, నవ్వినాక నా మాట వదిలేసి ఆయన మాట వినేవాళ్లు. మా మిషన్ నడిపే తెల్లదొర కూడా అదే అనేవాడు: వీడి నోరు ఊరిని పోగేస్తుంది, వాడి నోరు ఊరిని కూర్చోబెడుతుంది అని.

ఆ ఎండాకాలం గత్తర, అదే కలరా, వచ్చింది. మూసీ వెంబడి ఒక్కో ఊరే దిగుతోందని కేతేపల్లిలో చెప్పుకున్నారు. కక్కుళ్లు మొదలైతే పొద్దుగూకే లోపల పాడె కట్టే రోజులవి. మేము పొద్దున్నే కేతేపల్లి విడిచి, మూసీ వైపు, బండ్ల బాట నుంచి లోపలికి ఉన్న ఒక ఊరికి బయలుదేరాం. చేరేసరికి మిట్టమధ్యాహ్నం.

ఊరి మొగదల బాటకు అడ్డంగా రెండు గుంజలు పాతి తాడు కట్టి ఉంది. తాడు నిండా వేపమండలు. తాడు కింద నేల మీద బూడిదతో గీత, దాని మీద పసుపు బియ్యం.

"పెండ్లి ఉన్నట్టుందన్నా. ఇయ్యాల బువ్వకు ఫికర్ లేదు," అన్నాను.

ఆయన మండల వంక చూసి, "మామిడాకులు కదా కడతరు పెండ్లికి?" అన్నాడు.

"మామిడి దొరకలేదేమో, పేదోళ్ల పెండ్లి."

వంగి తాడు కింద నుంచి దూరాం. ఆ చుట్టుపక్కల ఏ పసిపిల్లవాడైనా ఆ తాడు చూసి ఆమడ దూరంలో ఆగేవాడు. మేము ఆగలేదు. మా ఇద్దరి బాపులూ మేం పుట్టకముందే మతం మారినవాళ్లు. మేము మిషన్ కాంపౌండు గోడల నడుమ పెరిగాం. ఊరి కట్లు, అమ్మవార్ల సంగతులు చెవిన పడకుండా పెంచారు మమ్మల్ని. పడకపోవడం ఎంత ప్రమాదమో మా పంతుళ్లకు తట్టలేదు.

ఊళ్లోకి నడిచాక మొదట తెలిసింది కుక్క లేదని. ప్రచారకుడికి మొదటి శ్రోత కుక్కే; అది మొరిగితేనే ఊరు తల తిప్పి చూస్తుంది. అక్కడ మొరగలేదు. తర్వాత కోడి లేదని తెలిసింది. పొయ్యి పొగ లేదు. తలుపులన్నీ మూసి ఉన్నాయి, కానీ ఒక్కదానికీ తాళం లేదు. గొళ్లానికి వేపరెమ్మ గుచ్చి ఉంది. ఒక అరుగు ముందు రోట్లో సగం దంచిన జొన్నలు, పక్కన రోకలి అడ్డంగా పడి ఉంది. కొట్టాల ముందు గొడ్లను కట్టే తలుగులు విప్పినవి విప్పినట్టే చుట్టలు చుట్టుకొని ఉన్నాయి. వీధి మధ్యలో మా నీడలు మా కాళ్ల కిందికే ముడుచుకున్నాయి. ఎండ చప్పుడు వినబడుతుందంటే మీరు నమ్మరు, కానీ అంత నిశ్శబ్దంలో వినబడుతుంది.

"గత్తర అందర్నీ తిన్నదా ఏంది?" అన్నాను గొంతు తగ్గించి.

"శవాలుంటే వాసనుంటది. లేదు," అన్నాడు ఆయన.

నేను తిరిగి పోదామన్నాను. ఆయన పాట పాడనిదే కదలనన్నాడు. వినేవాళ్లు లేకపోతేనేం, కట్టడి కట్టడే. ఊరి నడుమ ఒక మట్టిగోడకు మేకు చూసి బొమ్మల చుట్ట తగిలిస్తున్నాం. అప్పుడు వెనక సందులో గజ్జెలు మోగాయి.

కాలిగజ్జెలు. నాలుగడుగులు వేసి ఆగాయి. మళ్లీ నాలుగడుగులు.

"పెండ్లిపిల్ల," అన్నాను నేను, నాకే నమ్మకం లేని గొంతుతో. సందు మొగదలకు పోయి చూశాను. మూసిన తలుపులు, తెల్లటి దుమ్ము, దుమ్ములో నిన్నటి బండి చక్రాల జాడ. ఆ జాడ మీద ఏ కాలూ పడలేదు.

వెనక్కి వచ్చి, "అన్నా, నువ్వు విన్నవా?" అని అడిగాను. నేను విన్నానంటే లోకం నమ్మదు. నాకే నా మీద నమ్మకం లేదు.

"విన్న," అన్నాడు.

ఆయన విన్నాడంటే నిజంగా మోగినట్టే.

పాట మొదలుపెట్టాం. మామూలుగా నేను ఎత్తుకుంటే ఆయన అందుకునేవాడు. ఆ రోజు ఆయనే ఎత్తుకున్నాడు. మొదటి చరణం అయింది. ఊపిరి పీల్చుకోవడానికి ఆగాం. పాట ఆగలేదు.

మాటలు లేవు, కూనిరాగం. మేం పాడిన రాగమే, మేం వదిలిన చోటు నుంచి. ఇంట్లోంచి వచ్చినట్టు లేదు, భూమిలోంచి వచ్చినట్టుంది. ఎదురుగా ఒక చిన్న పెంకుటిల్లు. దాని గొళ్లానికి కూడా వేపరెమ్మ ఉంది. రాగం ఆ ఇంటి నేల కిందినుంచి లేస్తోంది.

"ఒక్క మనిషితోనన్న మాట్లాడాలె గద," అన్నాడు జతగాడు, ఆ ఇంటి వైపు నడుస్తూ.

"మనిషైతే మాట్లాడుదం తియ్యి. కాకపోతే?"

ఆయన గొళ్లంలోని వేపరెమ్మ తీసి తలుపు నెట్టాడు. గడప అవతల ఒక మగ్గం. గుంట మగ్గం అంటే తెలుసు కదా; నేసేవాడు నేల మీద కూర్చొని, కాళ్లు గుంటలోకి దించి తొక్కుతాడు. మగ్గం మీద సగం నేసిన ఎర్రంచు చీర బిగించి ఉంది. రాగం ఆగిపోయింది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, గుంటలో, చీర అంచు కింద, ఒక ముఖం కనబడింది. మెడ దాకా నేలలో పాతినట్టు ఉంది. కళ్లు మా మీదే ఉన్నాయి.

"తలుపెయ్యుండ్రి," అన్నది ఆ ముఖం.

వేశాం.

"మీరు మనుషులేనా?"

"మనుషులమే అక్కా. మిషనోళ్లం," అన్నాడు ఆయన.

"కాళ్లు చూపెట్టుండ్రి."

దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని ఆమె పరీక్ష. మేం ధోవతులు ఎత్తి, ఒకరి తర్వాత ఒకరం, మా పాదాలు చూపించాం. మా దొర మాకు చాలా పరీక్షలు పెట్టాడు కానీ ఇంత శ్రద్ధగా మేమెన్నడూ దేనికీ నిలబడలేదు. ఆమె నావి రెండుసార్లు చూసింది. నా కాలి వేళ్లు కొంచెం వంకర.

చూసినాక చీర అంచు పైకి జరిపింది. గుంటలో, ఆమె ఒళ్లో, నెల కూడా నిండని పసివాడు ఉన్నాడు. పాత చీర ముక్కలో చుట్టి ఉన్నాడు. పక్కన ముంత, రెండు రొట్టెలు.

అప్పుడు చెప్పింది సంగతి. గత్తరమ్మ ఊళ్లకు వస్తున్నదని పెద్దలు ఊరు కట్టేశారట. పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా ఊళ్లో మనిషి, గొడ్డు, కోడిపిల్ల కూడా ఉండకూడదు. ఆ అమ్మవారు వస్తుంది, ప్రతి ఇంటి ముందూ ఆగి పిలుస్తుంది, పలికేవాళ్లు లేకపోతే తన దారిన తాను పోతుంది.

"మరి నువ్వెందుకున్నవక్కా?" అన్నాను.

"పోయినేడు సుత కట్టిన్రు. పోయిన. పదొద్దుల పిల్లను ఎత్తుకొని చెలుకల కూసున్న. వడగాడ్పు కొట్టింది. మాపటికి పిల్ల లేదు." పసివాడి నెత్తి మీద చెయ్యి పెట్టి తీసింది. "ఈయేడు పోనని మావోనికి చెప్పిన. ఆయన నేను అవ్వగారింటికి పోయిన్నని ఊరందరికీ చెప్పిండు."

"తెలిస్తే?"

"ఊరవతల ఏస్తరు. గత్తరొస్తే మా వల్లనే వచ్చిందంటరు. మగ్గం కాలవెడతరు. ఆ కోపంల ఇంకేం చేస్తరో నాకెర్క లేదు." తలుపు వైపు చూసి, "గజ్జెలు విన్నరా?" అని అడిగింది.

"లేదక్కా," అన్నాను నేను, ఆమెకు ధైర్యం చెప్పాలని.

"విన్నం," అన్నాడు ఆయన.

ఆమె ఆయన వైపే తిరిగింది. "పొద్దుగాలటి సంది తిరుగుతాంది. ప్రతి తలుపు కాడ ఆగుతాంది. మా తలుపు కాడ రెండుసార్లు ఆగింది. వీడు ఏడ్వబోతే పాలిచ్చిన. మీ పాటకు వీడు కండ్లు మూసిండు, అందుకే నేనూ రాగం తీసిన. పలకొద్దు గద, పాడొద్దని ఎవలు చెప్పలేదు. జర మల్ల పాడుండ్రి. మెల్లగ."

మా పుట్టుక ఏ వాడలోనిదో తెలిసి ఉంటే ఆమె మామూలు రోజున మమ్మల్ని ఆ గడప తొక్కనిచ్చేది కాదు. ఆ రోజు అడగలేదు. మేం మగ్గానికి అటొకరు ఇటొకరు కూర్చొని, గుంటలోకి వంగి, గుసగుసగా పాడాం. రెండేండ్ల ప్రచారంలో అంత శ్రద్ధగా విన్న సభ నాకు మళ్లీ దొరకలేదు.

రెండో చరణంలో ఉండగా గజ్జెలు వచ్చాయి. నాలుగడుగులు, ఆగడం. నాలుగడుగులు, ఆగడం. వరసగా ఒక్కో ఇల్లూ దాటుకుంటూ వస్తున్నాయి. తలుపు కింద సందులోంచి ఎండ ఒక తెల్లగీతలా లోపలికి పడుతోంది. నేను ఆ గీతనే చూస్తున్నాను. గజ్జెలు మా ముందు ఆగాయి. గీత రెండు చోట్ల తెగింది. రెండు పాదాలు నిలబడితే ఎంత తెగుతుందో అంతే.

నా పాట ఆగిపోయింది. పసివాడు పెదవి విరిచాడు, ఏడుపుకు ముందు విరిచినట్టు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నా జతగాడు మాత్రం పాట ఆపలేదు. నా మోకాలి మీద చరిచి, నువ్వూ పాడు అన్నట్టు సైగ చేశాడు. పాడాను. ఏం పాడానో తెలియదు. చరణం అయిపోతే మళ్లీ మొదటికి పోయాం. ఎంతసేపో. చివరికి గీత అతుక్కుంది. గజ్జెలు పక్కింటికి పోయాయి, ఆ తర్వాత ఇంటికి, తర్వాత వినబడలేదు. పసివాడు నిద్రపోయాడు.

లేచి వస్తుంటే ఆమె అన్నది, "నన్ను చూసినమని ఎవలకు చెప్పకుండ్రి."

"చూడలేదక్కా. మేము ఎవలను చూడలేదు," అన్నాను వెంటనే. నాకది నీళ్లు తాగినంత సులువు.

ఆమె నా వైపు చూడలేదు. "గా అన్న చెప్పాలె," అన్నది.

ఆయన నేల చూస్తూ, "నాకు అబద్ధం రాదక్కా," అన్నాడు.

మగ్గం కర్రను ఆమె వేళ్లు బిగించి పట్టుకున్నాయి. "మరి ఎవలకు కనపడకుండ పొండ్రి. వచ్చిన తొవ్వ కాదు, ఏటి తొవ్వ పట్టుండ్రి," అన్నది. చీర అంచు మళ్లీ నెత్తి మీదికి జరిపింది. బయటికి వచ్చి, వేపరెమ్మను గొళ్లానికి ఎట్లా ఉందో అట్లాగే గుచ్చాను.

పాపం, ఊరు ఎటు పోయి కూర్చున్నదో ఆమెకు తెలియదు. పోయినేడు చెలకల్లో పోయిన పసిపిల్ల గుర్తుకొచ్చి, ఈయేడు పొద్దున అప్పటికప్పుడు ఏటి ఒడ్డున చెట్ల కిందికి మారారట. మేము నేరుగా పోయి వాళ్ల నడుమ పడ్డాం.

అంత జనం అంత మౌనంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. ఎడ్లు, మేకలు, గంపల కింద కోళ్లు, తాళ్లతో కట్టేసిన కుక్కలు, ముసలివాళ్లు, పిల్లలు, అందరూ మా వైపే చూశారు. పటేల్ లేచాడు.

"ఏడికెళ్లి వస్తున్నరు?"

"ఊర్లకెళ్లి," అన్నాడు నా జతగాడు, ఆయన తీరున.

ఆడవాళ్లలోంచి ఒక మూలుగు లేచింది.

"కండ్లు లేవా మీకు? మండలు కట్టింది అగుపడలేదా?"

"పెండ్లనుకున్నం పటేలా," అన్నాను. ఎక్కడో ఒకడు కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు.

పటేల్ పక్కన పూజారి నిలబడ్డాడు. నుదుట అరచేతి వెడల్పున పసుపు. "వీండ్లు పరాయోళ్లు. పరాయోళ్లు తొక్కితే కట్టు తెగదు. ఊరోళ్లు ఎవలన్న లోపల మిగిలితేనే తెగుతది. అడుగు," అన్నాడు.

జనంలో ఒక మనిషి వేళ్లకు గంజి ఎండి తెల్లగా ఉంది. నేతపని చేతులు. అతడు మా ముఖాలు చూడడం లేదు, మా పెదవులే చూస్తున్నాడు. ఎవరో చెప్పనక్కరలేదు.

"ఊర్ల ఎవలన్న ఉన్నరా?" అన్నాడు పటేల్. "మీ పుస్తకం మీద చెయ్యిపెట్టి చెప్పుండ్రి. పుస్తకపోళ్లు అబద్ధమాడరంటరు. నేను నమ్ముత."

నేను నా జతగాడి నోరు తెరుచుకోకముందే ముందుకు దూకాను. పుస్తకం మీద అరచెయ్యి ఆనించి, "ఎవలు లేరు పటేలా. పిట్ట సుత లేదు. పాట పాడినం, వినేటోళ్లు లేరు, వచ్చినం," అన్నాను. పూజారి నా ముఖంలోకి చూశాడు. పటేల్ పూజారి ముఖంలోకి చూశాడు. గంజి చేతుల మనిషి పక్కనున్న చెట్టును పట్టుకొని మెల్లగా కూర్చున్నాడు. మూసీలో మునిగి, తడిబట్టలతో పొమ్మన్నారు. మళ్లీ ఆ ఊరి వైపు రావద్దన్నారు.

ఆ ఏడు ఏటికి ఎగువనా దిగువనా గత్తర మనుషుల్ని తీసుకుపోయింది. ఆ ఊళ్లోకి రాలేదు. ఎందుకు రాలేదో నేను చెప్పను, నాకు తెలియదు. నెల తిరక్కముందే నా జతగాడు పుస్తకమూ, బొమ్మల చుట్టా దొరకు అప్పజెప్పి ఇంటికి పోయాడు. కారణం చెప్పలేదు. బండి తోలుకొని బతికాడు. నాలాంటి అబద్ధాలకోరుతో తిరగలేక వెళ్లిపోయాడని మిషన్‌లో చెప్పుకున్నారు. నేను కాదనలేదు. మిగిలిన కాలం ఇంకో జతతో తిరిగాను.

ఒట్టు పెట్టాను కనుక ఇప్పుడు విప్పాలి. ఇందులో ఒక్కటి నేను కల్పించింది ఉంది.

గజ్జెలు అనుకుంటారు మీరు. కాదు. ఎండగీత తెగడమూ కాదు. అవి ఎట్లా జరిగాయో అట్లాగే రాశాను. ఎవరి కాళ్లో మాత్రం నన్నడగొద్దు. నేను కల్పించింది ఏటి ఒడ్డున చెయ్యి. పుస్తకం మీద చెయ్యి పెట్టింది నేను కాదు. బాయిలో మొసలి చేత గుడ్లు పెట్టించిన నా నాలుక, ఆ వేళ అంగిట్లో అతుక్కుపోయింది. పటేల్ రెండుసార్లు అడిగాడు. నేను ఆ గంజి వేళ్లనే చూస్తూ రాయిలా నిలబడ్డాను. అప్పుడు నా జతగాడు నా చంకలోంచి పుస్తకం తీసుకొని, అరచెయ్యి ఆనించి, "ఎవలు లేరు" అన్నాడు. రెండే మాటలు. ఆయన గొంతు వణకలేదు. పటేల్ ఇంకేమీ అడగలేదు. నేను చెప్పి ఉంటే ఇంకో పది ప్రశ్నలు అడిగేవాడు.

తడిబట్టలతో కేతేపల్లి బాట పట్టినప్పుడు ఆయన నాకంటే నూరడుగులు ముందు నడిచాడు. జతను విడిచి నడవడం అదే మొదటిసారి. చెరువు దగ్గర ఆగి, నేను చేరుకునేదాకా ఉండి, "ఈ నోటితోని ఇగ బోధ చెప్పలేను, తమ్మీ," అన్నాడు. ఆయన ఎందుకు పోయాడని దొర నన్ను పిలిచి అడిగినప్పుడు నేను మళ్లీ మాట్లాడలేదు.

అబద్ధం నా పని. అది ఆయన మీద పడింది. ఇన్నేండ్లకు రాతలోనైనా నా మీదికి తెచ్చుకుందామనుకున్నాను. ఆయన పోయి నాలుగేండ్లయింది. ఉంటే, ఏటి ఒడ్డు దాకా చదివి, కాగితాలు పక్కన పెట్టి, మెల్లగా, "అట్ల కాలేదు గద, తమ్మీ," అనేవాడు.